కడగని కప్పు

కప్పు ఖాళీ అయింది. అడుగున నల్లటి మడ్డి మిగిలింది. టీ అని పోశారు గానీ అది టీ కాదు, మాడబెట్టిన బార్లీ గింజలు మరిగించిన నీళ్ళు. పరాయి సైన్యం ఊళ్ళోకి దిగిన దగ్గర్నుంచి అసలు టీ ఆ సైన్యం ఆఫీసర్లకే. మేస్త్రీ చెయ్యి తనంతట తానే వెళ్ళి కప్పు పిడి పట్టుకుంది. మోకాళ్ళు లేవడానికి సిద్ధమయ్యాయి. కుర్చీ కిర్రుమని కాస్త వెనక్కి జరిగింది కూడా. అప్పుడు గుర్తొచ్చింది, ఇవాళ తను మేస్త్రీ కాదని. ఇవాళ తను సిమెంటు కాంట్రాక్టరు. ఒంటి మీద ఉన్ని కోటు, నెత్తిన మెత్తటి టోపీ, జేబులో సైన్యం ముద్ర పడ్డ అనుమతి కాగితం, వేలికి ఎవరిదో ఉంగరం. కాంట్రాక్టర్లు తాగిన కప్పు కడగరు. తాగిన చోట వదిలేసి మూతి తుడుచుకుని పోతారు. దాన్ని ఎవరు తీస్తారో, ఏ నీళ్ళలో ముంచుతారో వాళ్ళకు పట్టదు. చెయ్యి వెనక్కి లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాడు. అది ఊరుకోలేదు. ఏదో పని మధ్యలో ఆపించినట్టు వేళ్ళు ఉంగరాన్ని తిప్పుతూ కూర్చున్నాయి.

రైలు స్టేషన్ ఎదురుగా ఉన్న ఈ కాంటీన్‌కి అతను తన మరదలి కోసం వచ్చాడు, చచ్చిపోయిన భార్యకు చెల్లెలు, ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే మనిషి. కాసేపట్లో ఆమె వస్తుంది, టీ తాగుతుంది, లేచి పోతుంది. ఆమె వెనకాలే తను టోపీ నెత్తిన పెట్టుకుని బయటికొస్తే, సందు మలుపులో బొగ్గుబండి పక్కన నిలబడ్డ ఇద్దరు మనుషులు ఆమెను బండెక్కించి ఊరి బయట ఇటుకబట్టీకి తీసుకుపోతారు. అక్కడ అడగాల్సినవి అడుగుతారు. ఏం చెప్పినా, చెప్పకపోయినా ఇటుకబట్టీ నుంచి తిరిగి రావడం ఉండదు. టోపీ చేత్తో పట్టుకుని వస్తే మాత్రం బండి కదలదు. ఇది కమిటీ తీర్మానం. కమిటీలో అందరూ చెయ్యెత్తారు. మేస్త్రీ కూడా ఎత్తాడు, అందరికంటే ముందు కాదు, అందరికంటే ఆఖరున కూడా కాదు. ఊళ్ళో పార్టీని నడిపేవాడు అతనే. గోడల మీద అంటించిన పోస్టర్లలో కమ్యూనిస్టు బందిపోట్ల నాయకుడు అని బొమ్మ వేసి కింద బహుమానం రాసింది అతని గురించే. ఆ బొమ్మ ఎవరు గీశారో గానీ ముక్కు ఒక్కటీ అతనిది కాదు. బహుమానం మాత్రం అతనిదే. నువ్వు వెళ్ళడమేంటి, ఇంకెవరినైనా పంపుదాం అని ప్లీడరు నసిగాడు. నా ఇంటి మనిషి, నేనే వెళ్తాను అన్నాడు మేస్త్రీ. ఎదురుచూడని చోట నన్ను చూస్తే మొహం ఎలా మారుతుందో చూస్తాను, నాకు తెలిసిపోతుంది అన్నాడు. దారానికి గుండు కట్టి వేలాడదీసి గోడ ఎటు ఒరిగిందో చెప్పగలిగినవాడికి ఒక ఆడమనిషి మొహం ఎటు ఒరిగిందో తెలియదా అన్న ధీమా.

తీర్మానానికి కారణం ఉంది. మాస్టారు పోయాడు. బడిలో లెక్కలు చెప్పే మాస్టారు, బూట్ల అడుగున రహస్య పత్రికలు దాచుకుని ఊళ్ళు తిరిగినవాడు. అతని వెనక అచ్చు కూర్చే మనిషి పోయాడు, వేళ్ళ సందుల్లో సిరా ఎప్పటికీ వదలదని చేతులు జేబుల్లోంచి తీసేవాడే కాదు. ఇద్దరూ ఈ కాంటీన్‌లోనే ఆమెను కలుసుకోవాల్సినవాళ్ళు. కలుసుకోవడమంటే మాట్లాడుకోవడం కాదు. ఆమె ఒక బల్ల దగ్గర, వచ్చినవాడు ఇంకో బల్ల దగ్గర. ఆమె తాగి లేచి పోతుంది, కాస్త ఆగి ఇతను లేచి ఆమె వెనక నడుస్తాడు, ఆసుపత్రి వెనక గోడ దగ్గర మాటలు. ఇద్దరూ ఆ గోడ దాకా చేరలేదు. దారిలోనే పట్టుకుపోయారు. ఆమె మాత్రం రెండుసార్లూ దుప్పట్ల మూట చంకన పెట్టుకుని నిక్షేపంగా ఆసుపత్రికి చేరింది. ఆమెను ఎవరూ ఆపలేదు, కాగితాలు అడగలేదు, ముఖంలోకి చూడలేదు. దీనికి అర్థం ఏమిటని ప్లీడరు కమిటీలో అడిగాడు. వెల్డరు తన చెప్పు వంక చూసుకున్నాడు. అర్థం అందరికీ ఒక్కటే తట్టింది. మనసుకు ఎంత కష్టంగా ఉన్నా లెక్క లెక్కే అని మేస్త్రీ అన్నాడు. ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుంటే ఆ మాట అన్న గొంతు ఎవరిదోలా వినిపిస్తోంది. అయినా సరే, అనాల్సిన మాటే. రక్తసంబంధం చూసి ఊరుకున్న చోట్లల్లా పార్టీ సర్వనాశనమైంది. పక్క జిల్లాలో అలాగే అయింది. అన్న తమ్ముణ్ణి వెనకేసుకొచ్చాడు, తమ్ముడు ఊరినంతా అప్పజెప్పాడు. తన చోట అది జరగదు. ఎవరైనా సరే జరగదు.

తల తిప్పితే కుళాయి కనిపించింది. ఇందాక లోపలికి వచ్చినప్పుడు చూడనే లేదు. కౌంటరుకీ తలుపుకీ మధ్య గోడకి, అందరికీ కనపడే చోట, తెల్లటి గిన్నెలాంటి సింకు, దాని మీద తళతళలాడే ఇత్తడి కుళాయి. ఈ కాంటీన్‌లో కుళాయి ఎప్పుడూ లేదు. వెనక పెరట్లో నీళ్ళ డ్రమ్ము, దానికో డొక్కు మగ్గు ఉండేవి. పార్టీ వాళ్ళు తాగిన కప్పు పట్టుకుని పెరట్లోకి వెళ్ళి ముంచి, తెచ్చి కౌంటరు మీద బోర్లించేవాళ్ళు, ఎవరి కంటా పడేది కాదు. మేస్త్రీ చూపు కుళాయి మీంచి దాని చుట్టూ ఉన్న గోడ మీదికి జారింది. సిమెంటు పూత వారం పదిరోజుల నాటిది, కుళాయి చెమ్మకి ఇంకా నలుపు పోలేదు. అంచులు సరిగా దిద్దలేదు. తాపీ ఒక్కసారి లాగి వదిలేశారు. పూత పూసినవాడికి పని రాదు, లేదా పక్కన ఎవడో నిలబడి కానీ కానీ అని తొందర పెట్టాడు. అది కాదు అసలు సంగతి. సిమెంటు ఎక్కడిది? ఊళ్ళో బస్తా సిమెంటు కావాలంటే సైన్యం కచేరీలో కాగితం పుట్టాలి. ఆ కాగితం పుట్టించుకునే కాంట్రాక్టరు వేషమే కదా ఇప్పుడు తను వేసుకుంది. గొట్టం ఎక్కడిది? ఇనప గొట్టం అనేది కంటికి కనిపిస్తే ఊడబీకి రైలెక్కించుకుపోతున్నారు. కమ్మరి సందులో పంపుసెట్లు కూడా వదల్లేదు. అలాంటిది, పంచదార కూడా పోయలేని ఈ కాంటీన్‌వాడికి ఇత్తడి కుళాయి ఎవరు దానం చేశారు?

"ఏమయ్యా, కుళాయి కొత్తగా పెట్టించావా?" అని గట్టిగానే అడిగాడు, కాంట్రాక్టరు అడిగినట్టు.

కౌంటరు వెనక యజమాని కప్పు తుడుస్తున్నవాడల్లా ఆగాడు. లావుపాటి మనిషి, యుద్ధంలో సగమయ్యాడు, చర్మం మాత్రం పాత కొలతలోనే వేలాడుతోంది. "నేను కాదు బాబూ. పైవాళ్ళు పెట్టించారు. పరిశుభ్రత అట."

"ఇదేం పూతయ్యా, కుక్క నాకినట్టు. నా దగ్గర కూలీ ఇలా పూస్తే ఆ తాపీతోనే రెండు తగిలించి పంపేవాణ్ణి."

"పరిశుభ్రత బాబూ," అని యజమాని మళ్ళీ అన్నాడు. కుళాయి వైపు చూడలేదు. తన సొంత గోడకున్న వస్తువును చూడలేని మనిషిని మేస్త్రీ ఇదివరకు చూడలేదు. మూల బల్ల దగ్గర ఒకడు పేపరు చదువుతున్నాడు. బూడిదరంగు కోటు. పేపరు నిన్నటిది. తలుపు దగ్గర ఇంకొకడు గోడకానుకుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు. పేపరువాడు మేస్త్రీని ఒకసారి చూశాడు, ఉంగరాన్ని చూశాడు, బల్ల మీద మడ్డితో వదిలేసిన కప్పును చూశాడు, మళ్ళీ పేపర్లో తల దూర్చాడు. అక్కర్లేదు, వీడు కాదు అనుకున్నట్టు. ఆ చూపు కప్పు మీద ఆగిందన్న సంగతి మేస్త్రీ మెదడులో పడింది. పడింది గానీ అప్పుడే అతుక్కోలేదు. తడి గోడకు విసిరిన సున్నంలా జారుతూ పోయింది.

కప్పు. అది చచ్చిపోయిన భార్య పెట్టిన నియమం. నూలు మిల్లు వెనక రెండు గదుల ఇల్లు, యుద్ధానికి చాలా ముందు. ఆవిడ మిల్లులో షిఫ్టు దిగి, జుట్టులో పత్తి పీచు దులుపుకుంటూ వచ్చేసరికి గది నిండా మగవాళ్ళు, పొగ, వాదన. కూలీ కష్టాన్ని ఎవరెవరు ఎలా దోచుకుంటున్నారో ప్లీడరు వేళ్ళు మడిచి చెబుతున్నాడు. బల్ల కింద, కిటికీలో, మంచం పట్టె మీద ఎక్కడ పడితే అక్కడ కప్పులు, కొన్నిట్లో సిగరెట్ పీకలు నానుతున్నాయి. ఆవిడ ఒక్కొక్క కప్పే ఏరి రేకు తొట్టెలో వేసింది. తొట్టె తెచ్చి ప్లీడరు కాళ్ళ ముందు ధన్‌మని పెట్టింది. "కూలీని దోచుకునేవాడు ఎవడో తేలిందా అన్నయ్యా? తేలకపోతే ఇందులో చూడండి, అందరూ ఉన్నారు. మా ఆయన కూడా ఉన్నాడు, పీక వేసిన కప్పు ఆయనదే." ముందు ప్లీడరు లేచాడు, చొక్కా చేతులు పైకి మడిచాడు, తన కప్పు ఏదో తెలియక రెండు కడిగాడు. మొగుడు ఆఖరున కడిగాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి, అడుగు తోమలేదు, మళ్ళీ తోము అంది. ఆనాటి నుంచి ఎవరి కప్పు వాళ్ళే. పార్టీలో చేరినవాడు పుస్తకం ముట్టుకునే ముందు అది నేర్చుకునేవాడు. కడగనివాడికి మరోసారి టీ లేదు. జైల్లో కడిగారు, అడవిలో ఆకులతో తోమారు, ఇసుకతో తోమారు. ఎవరో కొత్త మనిషి తాగి లేచి కప్పు పట్టుకుని నీళ్ళ వైపు నడిస్తే చాలు, ఓహో మనవాడే అని లోపల ఏదో పొంగేది. అదొక గర్వం. ఈ ఊళ్ళో మగవాళ్ళలో మాకు మాత్రమే చేతులున్నాయి అన్నట్టు. గర్వం అని ఇప్పుడు తెలుస్తోంది. పేర్లు మార్చుకున్నారు, మీసాలు తీయించుకున్నారు, నడక మార్చుకున్నారు. ఒకరి ఇల్లు ఒకరికి తెలియనివ్వలేదు. కప్పు మాత్రం అందరూ ఒక్కలాగే కడిగారు.

ఒక ముసలాయన టీ తాగి లేచాడు. రైల్వేలో గార్డుగా చేసి దిగిపోయినవాడిలా ఉన్నాడు, బొత్తాలు ఊడిన పాత యూనిఫాం కోటు. కప్పు పట్టుకుని నెమ్మదిగా కుళాయి దగ్గరికి పోయి తిప్పాడు. మేస్త్రీకి ఆయనెవరో తెలియదు. మనవాడు కాడు, అయుంటే తెలిసేది. నీళ్ళ చప్పుడుకి మూలనున్న పేపరు కిందికి దిగింది.

"ఏం తాతా, కప్పు నువ్వే కడుగుతున్నావేం?"

"తాగింది నేనే గనక."

"అది సరే. ఎవరు నేర్పారంట?"

"నేర్పడమేంటి నాయనా. మా ఆవిడ పోయింది. అప్పట్నుంచీ నా కప్పు కడిగేవాళ్ళు లేరు. నేర్చుకోక చస్తానా."

తలుపు దగ్గరివాడు కిసుక్కున నవ్వాడు. పేపరువాడు నవ్వలేదు. "పద. ఆ ముక్క అక్కడ చెబుదువుగాని."

"కప్పు వీళ్ళది, పెట్టేసి వస్తా," అని ముసలాయన దాన్ని తీసుకెళ్ళి కౌంటరు మీద జాగ్రత్తగా బోర్లించాడు. చెయ్యి కోటుకి తుడుచుకున్నాడు. తలుపు దగ్గరివాడు ఆయన భుజం పట్టుకుని బయటికి నడిపించాడు. యజమాని ఆ కప్పును తీయలేదు. అది అలాగే బోర్లా పడి ఉంది, చుట్టూ నీటి వలయం. పేపరు మళ్ళీ పైకి లేచింది.

ఇప్పుడు అతుక్కుంది. జారుతున్నదల్లా పూతలా గట్టిపడి గోడైంది. ఈ దేశంలో మగవాడు తన కప్పు తాను కడుక్కోవాలంటే రెండే కారణాలు: పెళ్ళాం చచ్చిపోవాలి, లేదా పార్టీలో చేరాలి. వాళ్ళు ఆ లెక్క కట్టారు. తప్పు లెక్కేమీ కాదు. మొదటిది అయితే రెండు తన్ని వదిలేస్తారు, రెండోది అయితే వదలరు. మాస్టారు కడిగి ఉంటాడు. అందులోనూ మాస్టారు, కప్పు వెలుతురుకి పట్టి చూసుకునే రకం. అచ్చు కూర్చే మనిషి సిరా వేళ్ళతో కడిగి ఉంటాడు. పెరటి డ్రమ్ము ఎవరు తీసేశారు, కుళాయి ఎందుకు పెట్టారు అని వాళ్ళకు తట్టి ఉండదు. హమ్మయ్య పెరట్లోకి పోయే పని తప్పింది అనుకుని ఉంటారు. ఎవరూ ఎవరినీ అప్పజెప్పలేదు. వాళ్ళను వాళ్ళే అప్పజెప్పుకున్నారు, వాళ్ళలో ఉన్న ఒకే ఒక్క మంచి అలవాటుతో. మరి ఆమె? ఆమె కూడా కడుగుతుంది, అందరికంటే నిష్ఠగా, అక్క పెట్టిన నియమమని. ఆమెను ఎందుకు పట్టుకోలేదు? ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం దొరక్కపోతే గోడంతా మళ్ళీ కూలుతుంది. కూలితే టోపీ నెత్తిన పెట్టుకోవాలి. పెట్టుకుంటాడు కూడా. తనకు ఇష్టమైన సమాధానం కాదు కావాల్సింది, ఉన్న సమాధానం. భార్య ఆసుపత్రిలో జ్వరంతో కాలిపోతూ కబురంపినప్పుడు కూడా తను ఇలాగే ఇష్టాన్ని పక్కన పెట్టాడు. గేటు దగ్గర పోలీసులు కాపలా ఉన్నారు, నీ కోసమే, రావద్దు అని మరదలు దుప్పట్ల బండివాడి చేత చెప్పించింది. వెళ్ళలేదు. ఆవిడ పోయాక కూడా వెళ్ళలేదు. ఎక్కడ పూడ్చారో మరదలికి తెలుసు, తను ఇంతవరకు అడగలేదు, ఆమె చెప్పలేదు. అంతకుముందు ఇద్దరి మధ్యా ఎన్ని వేళాకోళాలు, బావా నీ మొహానికి సున్నం కొట్టించుకో అనేది. ఆ తర్వాత ఒక్క పరిహాసం లేదు. పని చెబితే పని చేసింది, అంతే. తనను ప్రాణాలతో ఉంచిన మనిషి చావుకి తను చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఇదే, ఉంగరం తిప్పుతున్నదే.

ఆమె వచ్చింది. ఆసుపత్రి దుస్తులు, తలకు గుడ్డ, చంకలో దుప్పట్ల మూట. సబ్బు నీళ్ళలో నాని నాని చేతులు ఎర్రగా పొట్టు లేచి ఉన్నాయి. లోపలికి రాగానే అతన్ని చూసింది. కోటు చూసింది, ఉంగరం చూసింది, తల తిప్పుకుని కౌంటరు దగ్గరికి పోయి టీ అడిగింది. మొహం ఒరగలేదు. ఏ వైపుకీ ఒరగలేదు. భయపడలేదు, సంతోషించలేదు, ఎవరో డబ్బున్న దున్నపోతును చూసినట్టు చూసింది. ఇంత బాగా నేర్పింది తనే. ఈ కుళాయి లేకపోతే, ఆ ముసలాయన దాహమేసి ఈ పూటే రాకపోతే, ఈ రాతి మొహం చూసి ఏమనుకునేవాడు? ద్రోహం అనే అనుకునేవాడు. ఎంత నిబ్బరంగా ఉందో చూశారా అని ఇటుకబట్టీ దగ్గర చెప్పేవాడు. దారం, గుండు అన్నీ ఒట్టిమాట. మనిషిని తూచే గుండు తన దగ్గర ఎప్పుడూ లేదు.

ఆమె కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని రెండు గుక్కల్లో తాగేసింది. మూట కుర్చీ మీద వదిలి, కప్పు పట్టుకుని లేచింది. కుళాయి వైపు నడిచింది. మేస్త్రీ ఆమెను చూడలేదు, పేపరును చూశాడు. ఆమె కుళాయి తిప్పింది. నీళ్ళు సింకులో పడి గలగలమన్నాయి. పేపరు కదల్లేదు. వేళ్ళు కూడా కదల్లేదు. వాడు పేజీ తిప్పి కింద ఏదో చదువుకుంటున్నాడు. ఆడది కప్పు కడగడంలో చూడటానికేముంది. కాకి అరిచినట్టు, బండి పోయినట్టు, లోకంలో ఎప్పుడూ జరుగుతూనే ఉండే చప్పుడు. వాడికి ఆమె కనిపించనే లేదు. మాస్టారు కోసం వచ్చినప్పుడూ కనిపించలేదు, అచ్చు మనిషి కోసం వచ్చినప్పుడూ కనిపించలేదు. తనకూ, ప్లీడరుకూ, వెల్డరుకూ కూడా తట్టలేదు. ఆమె ఎందుకు దొరకలేదని కమిటీ అంతా తలలు బద్దలు కొట్టుకుంటే, ఆడది గనక అన్న జవాబు ఒక్కడికీ రాలేదు. తొట్టె తెచ్చి కాళ్ళ ముందు పెట్టిన మనిషి బతికుంటే వెంటనే చెప్పేది, నవ్వుతూ చెప్పేది.

సరే. ఇప్పుడు పని. సాయంత్రం లారీ డ్రైవరు ఇక్కడికే రావాలి, ఆమెను కలవడానికే. మోటు మనిషి, కప్పు మాత్రం పువ్వులా కడుగుతాడు. వాణ్ణి ఎక్కడ పట్టుకోవాలో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమె ఇక్కణ్ణుంచి తిన్నగా ఆసుపత్రి గోడ దగ్గరికి పోయి ఎదురుచూస్తుంది. తను అక్కడిదాకా చేరగలిగితే సరే. తలుపు దగ్గరివాడు తిరిగొచ్చి కాంట్రాక్టరు గారూ కాగితాలు అన్నాడంటే చేరలేడు, కబురూ చేరదు. ఇక్కడే, ఇప్పుడే, వాడు వింటుండగా చెప్పాలి. ఎలా చెప్పాలో తట్టింది. లోకంలో ఇంకే మాటైనా అనగలడు, ఈ మాట తప్ప. అయినా అన్నాడు.

"ఏమ్మా, నిన్నే. ఈ కప్పు కూడా పట్టుకుపో."

ఆమె నీళ్ళు ఆపకుండానే తల తిప్పింది. "నేనిక్కడ పనిమనిషిని కాను."

"ఎవరైతే ఏం. ఎలాగూ కడుగుతున్నావు, ఇంకో కప్పుకి చేతులరిగిపోతాయా? ఆడవాళ్ళుండగా మగవాడు ఆ కుళాయి దగ్గరికి పోతే బాగుంటుందా చెప్పు. ఇందాక ఒక ముసలాయన పోయాడు, ఏం బాగుపడ్డాడు?"

పేపరు దిగింది. పేపరువాడు ఇప్పుడు ఆసక్తిగా ఆమె వైపు చూస్తున్నాడు. ఆమె కుళాయి కట్టేసింది. చెయ్యి ఇత్తడి మీద అలాగే ఉండిపోయింది. చూపు గోడ మీద తడి సిమెంటు దగ్గర ఆగింది, కౌంటరు మీద బోర్లించి ఉన్న ఒంటరి కప్పు దగ్గర ఆగింది, నిన్నటి పేపరు దగ్గర ఆగింది. ఆ తర్వాత నేరుగా అతని కళ్ళలోకి.

"మీ ఇంట్లో మీ ఆవిడ కడిగేదా బాబుగారూ?"

"కడిగేది. పోయింది."

"కడగలేకే పోయుంటుంది."

పేపరువాడు బల్ల మీద చరిచి పగలబడి నవ్వాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె గబగబా వచ్చి మేస్త్రీ కప్పు విసురుగా లాక్కుపోయింది. మడ్డి పోయేదాకా వేలితో రుద్దింది, అడుగు తిప్పి అక్కడా రుద్దింది. మిల్లు వెనక ఆ రెండు గదుల్లో, జైల్లో, అడవిలో తన కప్పును ఇంకెవరో కడగడం మేస్త్రీ చూసింది లేదు, తొట్టె రోజు తర్వాత. చూస్తూ కూర్చున్నాడు. కాంట్రాక్టరు కదా, చూస్తూ కూర్చోవాలి. ఆమె రెండు కప్పులూ బోర్లించి, మూట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

"ఆడదాని చేత బాగా తిన్నారు సార్," అన్నాడు పేపరువాడు.

"ఈ కాలం ఆడవాళ్ళ నోళ్ళు అలా ఏడ్చాయి," అని మేస్త్రీ లేచాడు. ఉక్కగా ఉందన్నట్టు టోపీ తీసి విసురుకున్నాడు. దాన్ని చేత్తో పట్టుకునే గుమ్మం దాటాడు.

బయట చినుకులు మొదలయ్యాయి. సందు మలుపులో బొగ్గుబండి ఉంది. దాని పక్కనున్న ఇద్దరిలో ఒకడైన వెల్డరు అతని చేతిలో టోపీ చూశాడు, బట్టతల మీద చినుకులు చూశాడు, మొహం పక్కకు తిప్పుకుని తుపుక్కున ఉమ్మాడు. అది కోపమో ఊరటో తెలియలేదు. బండి కదల్లేదు. మేస్త్రీ అడుగుల వేగం మార్చకుండా వాళ్ళను దాటిపోయాడు. ఆసుపత్రి వెనక గోడ దగ్గర ఉతికిన దుప్పట్ల వాసన, క్లోరిన్ వాసన. ఆమె మూట దించి గోడకానుకుని ఉంది. అతను కాస్త ఎడంగా, ఎవరికోసమో చూస్తున్నవాడిలా నిలబడ్డాడు.

"కుళాయేనా?" అంది.

"కుళాయే. కడిగిన మగవాణ్ణల్లా పట్టుకుంటున్నారు."

ఆమె కళ్ళు మూసుకుంది. "మాస్టారు కడిగి, కిటికీలోంచి నాకు కనబడేలా కప్పు పైకెత్తి చూపించాడు. తళతళలాడిందా అన్నట్టు." "డ్రైవరు సాయంత్రం వస్తాడు. ఆపుతాను. లోడు దింపే చోటు నాకు తెలుసు."

"ఊఁ."

"టోపీ పెట్టుకో బావా. తడిస్తే జ్వరమొస్తుంది, చూసేవాళ్ళు లేరు."

"పెట్టుకోకూడదు."

"ఏం?"

అతను సందు వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. బొగ్గుబండి, దాని పక్కన వానలో తడుస్తూ బొగ్గు అమ్మని ఇద్దరు మనుషులు. చాలాసేపు చూసింది. అబద్ధం చెప్పే వీలుంది, ఎవరో కాపలా అనొచ్చు. మేస్త్రీ చెప్పలేదు.

"నాకోసమా?"

"నీకోసమే."

"నువ్వు చెయ్యెత్తావా?"

"ఎత్తాను."

"అక్క పోయేటప్పుడు నిన్ను రావద్దని కబురంపింది నేను."

"తెలుసు. తెలిసే ఎత్తాను."

ఆమె ఎర్రటి చేతులు దుస్తులకు తుడుచుకుంది. "నీ చోట నేనున్నా ఎత్తేదాన్నేమో. అయినా ఇది నేను మర్చిపోను. యుద్ధం అయిపోయినా మర్చిపోను."

"మర్చిపోవద్దు."

"మిగతావాళ్ళకి కబురు?"

"కప్పు కడగొద్దని చెప్పు. నా మాటగా చెప్పు."

"వినరు. అక్క పెట్టింది, తియ్యడానికి నువ్వెవరివే అని నన్ను తంతారు. నువ్వే వెళ్ళాలి. ఇంటింటికీ వెళ్ళి, వాళ్ళ ముందు తాగి, కడక్కుండా పెట్టి లేవాలి. అప్పుడు నమ్ముతారు."

అతను తలూపాడు. నిజమే, ఇంకో దారి లేదు. ప్రతి గదిలోనూ, ప్రతి బల్ల మీదా, అందరూ చూస్తుండగా, మడ్డితో, వీలైతే ఒక పీక కూడా వేసి. ఆవిడ ఈ లోకంలో వదిలిపోయింది అదొక్కటే, దాన్ని తన చేత్తోనే తుడిపెయ్యాలి. తుడిపేస్తాడు. మనుషులు మిగిలితే అలవాటు మళ్ళీ నేర్పుకోవచ్చు, ఆమె ఉంది నేర్పడానికి. ఆమె మూట ఎత్తి నెత్తిన పెట్టుకుంది, రెండడుగులు వేసి ఆగింది.

"ఎక్కడ మొదలుపెడతావు?"

"వెల్డరు ఇంట్లో. వాళ్ళమ్మ టీ పెడుతుంది."

"ఆవిడ చీపురు తీస్తుంది చూడు," అని ఆమె నవ్వకుండా అని వెళ్ళిపోయింది. గోడ మలుపు తిరిగేదాకా ఆమె బండి దగ్గర మనుషులకు కనబడుతుందని మేస్త్రీ టోపీ పెట్టుకోకుండా అక్కడే నిలబడ్డాడు. వాన పెద్దదైంది. కోటు బరువెక్కింది, నెత్తి మీంచి నీళ్ళు కళ్ళలోకి కారాయి. టోపీని రొమ్ముకు ఆనించి పట్టుకుని, ఆమె పూర్తిగా కనుమరుగయ్యాక, వెల్డరు ఇంటి వైపు నడిచాడు.